పడుగు తప్పిన ప్యాంట్లు

మొన్న రాయదుర్గంలో కుట్టు శిక్షణ కేంద్రం వాళ్ళు ఫోన్ చేసి, కొత్తగా చేరిన పిల్లలకు టీంవర్క్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సరేనని వెళ్ళాను. నాకంటే ముందు మాట్లాడినాయన గోడ మీద చీమల బొమ్మలు, పడవల బొమ్మలు వేసి చూపించాడు. నా వంతు వచ్చేసరికి పిల్లల కళ్ళు మూతలు పడుతున్నాయి. మైకు పట్టుకుని, "నా సర్వీసులో నేను చేసిన అన్నిటికంటే పెద్ద తప్పు చెప్తాను" అన్నాను. అందరూ నిటారుగా కూర్చున్నారు. ఎదుటివాడి తప్పు వింటూ నిద్రపోయే మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఆ రోజు టైము లేక సగమే చెప్పాను కాబట్టి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా జీన్స్ కటింగ్ మాస్టర్‌గా పనిచేశాను. మాది ధర్మవరం దగ్గర మగ్గం ఇల్లు. నాయన పట్టుచీరలు నేసేవాడు. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఓపిక నాకు లేదు. నేసేవాడికంటే కోసేవాడు గొప్పవాడని పదహారో ఏటనే తీర్మానించుకుని రాయదుర్గం బస్సెక్కాను.

మా పని ఇట్లా ఉంటుంది. గుడ్డను పెద్ద బల్ల మీద పొర మీద పొరగా అరవై పొరలు పరుస్తాం. పైన ప్యాంటు అట్టముక్కలు పెట్టి, సుద్దతో గీసి, కరెంటు కత్తితో అన్ని పొరలనూ ఒకేసారి కోస్తాం. పై పొర మీద ఒక తప్పు గీత గీస్తే అది అరవై మంది కాళ్ళకు చుట్టుకుంటుంది. అట్టల్ని ఎంత దగ్గరగా ఇరికిస్తే గుడ్డ అంత మిగులుతుంది. ఆ ఇరికించడంలో ఊళ్ళో నాకు మించినవాడు లేడని పేరు. ఆ పేరు చూసుకుని నేను కాస్త ఉబ్బిపోయి తిరిగేవాణ్ణి. నా గదికి లోపల గొళ్ళెం పెట్టుకునేవాణ్ణి. ఎవరైనా అడిగితే గాలికి గుడ్డ కదులుతుందని చెప్పేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే, నా కిటుకు ఎవరూ నేర్చుకోకూడదు.

ఇది జరిగేటప్పటికి నేను రిటైరు కావడానికి ఇంకా మూడేళ్ళుంది. మా షెడ్డులో ఎక్కువమంది ఆడవాళ్ళు. పొద్దున్నే కుందుర్పి వైపు నుంచీ బెళుగుప్ప వైపు నుంచీ వచ్చే బస్సులు దిగి తిన్నగా మిషన్ల దగ్గరికి వచ్చేవాళ్ళు. శెనక్కాయ పంట చేతికి రాని ఏడు ఇంకో పదిమంది కొత్తవాళ్ళు తోడయ్యేవాళ్ళు.

ఆ ఏడు సూపర్‌వైజరుగా గార్మెంటు కోర్సు చదివిన పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది. వచ్చీ రాగానే షెడ్డులో ఈ గోడకూ ఆ గోడకూ ఒక దండెం కట్టించింది. ముందురోజు చెడిపోయిన ప్యాంట్లన్నీ దాని మీద వేలాడదీసేది. పొద్దున మిషన్లు వేసే ముందు పది నిమిషాలు అందరూ అక్కడ నిలబడాలి. ఎవరి తప్పు వాళ్ళే దండెం మీద నుంచి తీసుకుని, అది ఎట్లా జరిగిందో చెప్పాలి. పక్కవాళ్ళ మీద వేలు చూపించకూడదు. తిట్టడం, జీతంలో కోత పెట్టడం ఉండవు.

మొదటి వారం ఎవరూ చేయి ఎత్తలేదు. రెండో వారం ఒకామె జిప్పు తలకిందులుగా కుట్టానని చెప్పి ఏడ్చింది. నెల తిరిగేసరికి మాత్రం ఆ పది నిమిషాలు తిరునాళ్ళలాగా అయ్యాయి. "అది నాది, నేను చెప్తా" అని పోటీ పడేవాళ్ళు. ఒకరి సూది ఎందుకు విరిగిందో ఇరవైమంది నేర్చుకునేవాళ్ళు. చేతులు సరిగ్గా ఎట్లా పెట్టాలో సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకుని బస్సులో చూసుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ పది నిమిషాలూ నా గదిలో కూర్చుని టీ తాగేవాణ్ణి. నా తప్పు ఉంటే కదా దండెం ఎక్కేది!

అట్లాంటప్పుడు బెంగళూరు కంపెనీ ఒకటి మాకు ట్రయల్ ఆర్డరు ఇచ్చింది. పాసైతే ఏడాది పొడుగునా పని ఉంటుంది. లేకపోతే ఎప్పటిలాగే పండగల ముందు మూడు నెలలు పని, తర్వాత అందరూ ఇళ్ళకు. షెడ్డంతా ఒకటే హడావిడి. మొదటి లాటు కుట్టి, గుడ్డ మెత్తబడి రంగు తేలడానికి వాషింగుకు పంపాం. సోమవారం తిరిగొచ్చింది.

చిన్న సైజులు బంగారంలాగా ఉన్నాయి. ముప్ఫైనాలుగు, ముప్ఫైయారు సైజులు మాత్రం అన్నీ మెలి తిరిగిపోయాయి. బల్ల మీద పరిస్తే పక్కన ఉండాల్సిన కుట్టు మోకాలి మీదికి ఎక్కి కూర్చుంది. ఓనరు ఒకదాన్ని పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏమప్పా ఇది? ప్యాంటా, జిలేబీనా?"

కాలు మెలి తిరిగిందంటే మా పనిలో ఎవరైనా ముందు అనేది ఒకటే మాట. సైడు కుట్టు వేసిన మనిషి గుడ్డను లాగి కుట్టింది అని. సైడు కుట్టుకు మాకు ఇద్దరుండేవాళ్ళు. బెళుగుప్ప నుంచి వచ్చే పెద్దావిడ చిన్న సైజులు కుట్టేది. కుందుర్పి దగ్గర పల్లె నుంచి వచ్చే ఆమె చేయి వేగమని పెద్ద సైజులన్నీ ఆమెకే ఇచ్చేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇంటి దగ్గర బోరు ఎండి రెండేళ్ళయింది. చేను ఉన్నా లేనట్టే. ఇల్లు ఆమె మిషన్ మీదే నడుస్తోంది.

"ఈయమ్మ చేయి బరువు. గుడ్డను లాగి కుడతాండాది" అని ఓనరు అందరి ముందరా అనేశాడు. రాయదుర్గంలో ఆ మాట పడిందంటే ఇక అంతే. ఒక షెడ్డులో 'గుడ్డ లాగే చేయి' అని పంపించేస్తే సాయంత్రానికి అన్ని షెడ్లకూ తెలిసిపోతుంది. ఇంకెవరూ మిషన్ ఇవ్వరు.

మరునాడు పొద్దున ఆ ప్యాంటు దండెం ఎక్కింది. నేను గది తలుపు సందులోంచి చూస్తున్నాను. అందరూ ఆమె తీసుకుంటుందని ఎదురుచూస్తున్నారు. ఆమె దగ్గరికి వెళ్ళి, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అక్కడే వదిలేసి వెనక్కి వచ్చింది.

"ఇది నాది కాదు" అంది.

"మరి ఎవరిదమ్మా, నాదా?" అన్నాడు ఓనరు.

"నాకేం తెలుసన్నా. నాదైతే నేనే తీసుకుంటా, నాకేం సిగ్గు? గురువారం దాకా టైం ఇయ్యి. పెద్ద సైజువి రెండు ఆయక్క చేత కుట్టించు. చిన్న సైజువి రెండు నేను కుడతా. నాలుగూ కలిపి వాషింగుకు పంపు. తప్పు చేతిదైతే నా చేతి వెంట పోతాది. కాదంటే సైజు వెంట పోతాది."

సూపర్‌వైజరు అమ్మాయి నోరు తెరిచింది. "ఇది మాకు కాలేజీలో మూడో సంవత్సరంలో చెప్పినారక్కా!" అంది. ఆ సంతోషం చూసి ఓనరు కూడా కాదనలేకపోయాడు.

నాలుగు ప్యాంట్లు కుట్టారు. ఆమె కుడుతుంటే రెండు పక్కల నుంచీ వీడియో తీశారు. వాషింగాయన మాత్రం మొండికేశాడు. "నాలుగు ప్యాంట్లకు మిషన్ తిప్పితే నీళ్ళు ఎవురిస్తారమ్మా? ట్యాంకరు వచ్చేది దినం తప్పించి దినం" అన్నాడు. ఆమె వదల్లేదు. చివరికి వేరేవాళ్ళ లాటుతో కలిపి బుధవారం వేస్తాననీ, గురువారం పదకొండింటికి ఆటోలో పంపిస్తాననీ ఒప్పుకున్నాడు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇక్కడి నుంచి చెప్పడానికి ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది.

సోమవారం మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు మెలి తిరిగిన ప్యాంటు ఒకటి తెచ్చి, నా గదిలో లోపలిది బయటికి తిప్పి చూశాను. గుడ్డకు నిలువున పోయే దారం పడుగు. అడ్డంగా పోయేది పేక. ప్యాంటు కాలు ఎప్పుడూ పడుగు వెంబడి నిటారుగా కోయాలి. వెనక ముక్కలో పడుగు ఓరగా పోతోంది.

ఈ లాటు కోసేటప్పుడు పెద్ద సైజుల వెనక ముక్క అట్ట నేను అనుకున్న జాగాలో పట్టలేదు. రెండు వేళ్ళంత పక్కకు వాలిస్తే చక్కగా ఇరుక్కుంది. గుడ్డ మిగిలింది. నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంతకుముందు మామూలు ప్యాంట్లకు ఎన్నోసార్లు అట్లా వాల్చాను, ఏమీ కాలేదు. ఈ కంపెనీ వాళ్ళది గట్టి వాషింగు. ఆ నీళ్ళలో పడ్డాక గుడ్డ తన పడుగు దారి తాను వెతుక్కుని తిరిగిపోయింది. మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి, అక్షరాలకంటే ముందు పడుగూ పేకా నేర్చినవాణ్ణి! నాయన అప్పటికి లేడు గానీ, ఆయన మెలిపెట్టినట్టే నా చెవులు మండాయి.

వెంటనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మంగళవారం, గుడ్డే మంచిది కాదేమో అని నాకు నేను చెప్పుకున్నాను. బుధవారం, ఆమె పరీక్షలో ఎట్లాగూ తేలుతుంది కదా, నేను చెప్పడమెందుకు అనుకున్నాను. భయపడేవాడికి సాకు వెతుక్కోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

బుధవారం సాయంత్రం ఆమె నా గది తలుపు తట్టింది. చేతిలో సూపర్‌వైజరు ఫోను ఉంది.

"మాస్టరూ, నీది ఇన్నేండ్ల అనుభవం. ఈ వీడియో చూసి నువ్వు చెప్పు. నా చేయి లాగుతాండాదా?"

చూశాను. ఆమె వేళ్ళు గుడ్డ మీద ఆనీ ఆననట్టు పోతున్నాయి. అంత శుభ్రమైన చేయి నేను చూడలేదు. నేను అన్న మాట, "చూడాలమ్మా" అని. ఆమె ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. నా సర్వీసు మొత్తంలో నేను అన్న అన్నిటికంటే చెడ్డ మాట అదే.

గురువారం పొద్దున టీ గ్లాసు అట్లాగే పెట్టేసి మొదటిసారి దండెం దగ్గరికి వచ్చాను. అప్పటికే ఓనరు ఆమె మీద అరుస్తున్నాడు.

"ఇంగ చాలమ్మా. శనివారం బెంగళూరాయన చెకింగుకు వస్తాండాడు. నేను ఈ పొద్దే కొత్త చేయి పెట్టుకోవాల. నీ బ్యాగు తీసుకోని పో."

"పదకొండు గంటలకు ప్యాంట్లు వస్తాయి కదన్నా. ఇంగ గంటన్నర."

"నీ గంటన్నర కోసం నా ఆర్డరు పోగొట్టుకోమంటావా?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు. తన టిఫిన్ బ్యాగు తీసుకుంది. నేను నడిచి వెళ్ళి దండెం మీద ఉన్న ప్యాంటు లాగేశాను.

"ఇది నాది" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. ఓనరు నవ్వాడు. "ఏం మాస్టరూ, పెద్దమనిషితనం చూపిస్తాండావా?"

"పెద్దమనిషినైతే సోమవారమే చెప్తాంటి. అట్టను వాల్చి కోసింది నేను. రాండి, చూపిస్తా."

అందరినీ నా గదిలోకి పిలిచాను. అట్ట పెట్టి, వాల్చి, పడుగు ఎట్లా తప్పిందో పెన్సిలుతో గీసి చూపించాను. ఓనరు ముఖం ఎర్రబడింది, మళ్ళీ తెల్లబడింది. నాకు మాత్రం, ఎంత విచిత్రమో చూడండి, నెత్తి మీది మూట దించినట్టయింది. నవ్వు కూడా రాబోయింది, ఆపుకున్నాను.

సరిగ్గా పదకొండింటికి ఆటో వచ్చింది. పెద్దావిడ కుట్టిన పెద్ద సైజులు రెండూ మెలి తిరిగాయి. కుందుర్పామె కుట్టిన చిన్న సైజులు రెండూ కొలబద్దల్లా ఉన్నాయి. నేను అంత గొప్పగా చెప్పిన నిజాన్ని ఆ నాలుగు ప్యాంట్లు గంటన్నర తేడాతో మళ్ళీ చెప్పాయి. ఆడవాళ్ళంతా కేకలు పెట్టి ఆమెను పట్టుకుని ఊపేశారు. ఆమె నా వైపు చూడలేదు.

"ఇప్పుడు ఏం జేసేది చెప్పండి ముందు" అన్నాడు ఓనరు, కుర్చీలో కూలబడి.

అప్పుడు మొదలైంది అసలు పండగ! కుట్టినవి పోయినట్టే. కానీ పెద్ద సైజు ముక్కలు ఇంకా కుట్టనివి కట్టలు కట్టలు ఉన్నాయి. "వీటి మీదే ముప్ఫై సైజు అట్టను పడుగు చూసి నిటారుగా పెడితే?" అంది సూపర్‌వైజరు. పెట్టాం. పట్టింది! ఓనరు తల పట్టుకుని, "బెంగళూర్లో అందరూ ముప్ఫై సైజే తొడుగుతారా తల్లీ?" అన్నాడు. మిగిలిన కొత్త థానులో పెద్ద సైజులు కోయాలి. కాళ్ళకు సరిపోతోంది, నడుం పట్టీలకు చాలడం లేదు. నేను అట్టలు ఇటు జరిపి అటు జరిపి చేతులెత్తేశాను.

బెళుగుప్ప పెద్దావిడ బల్ల అవతలి నుంచి అంది. "పట్టీ ఒకే ముక్క ఎందుకప్పా? వెనకాల నడిమధ్యన అతుకు ఏస్తే మిగిలిన తుంపుల్లోనే అయిపోతాది. మా పిల్లోళ్ళ నిక్కర్లకు నేను అట్లనే కుడతా."

ముప్ఫై ఏళ్ళలో నాకు తట్టని మాట. "కంపెనీ ఒప్పుకోదు" అన్నాడు ఓనరు. "అడిగితే కదా తెలిసేది" అంది సూపర్‌వైజరు. ఓనరు బెంగళూరు కంపెనీకి అందరికీ వినబడేట్టు ఫోను చేసి, మా కటింగు తప్పు అని దాచకుండా చెప్పాడు. అవతలాయన ఒకటి కుట్టి ఫోటో పంపమన్నాడు. ఇరవై నిమిషాల్లో కుట్టి పంపాం. "కుట్టండి, శనివారం చూస్తా" అని జవాబొచ్చింది.

ఆ రోజు నా గదిలో జరిగినంత గోల నేనెప్పుడూ వినలేదు, అంత హుషారుగా ఎప్పుడూ పనిచేయలేదు. ప్రతి అట్టనూ గుడ్డ అంచు నుంచి ఇద్దరు కొలిస్తేనే నేను గీయాలని రూలు పెట్టుకున్నాం. కొలిచినవాళ్ళలో కుందుర్పామె ఒకతె. నేను ముక్కల అంచున కలపడానికి పెట్టే గాట్లు చూసి ఆమె పళ్ళు కొరికింది. "ఈ గాటు మోకాలి కాడ పెట్టింటే నాకు ఎంత సులువు! ఇన్నాళ్ళూ కండ్లు పొడుచుకోని కలిపినా." అప్పటికప్పుడు గాటు జరిపాను. ఆ ఒక్క గాటుతో వాళ్ళ కుట్టు ఎంత వేగమైందో చూసి నాకు కడుపు మండింది, నా మీద నాకే. గొళ్ళెం పెట్టుకుని నేను నా కిటుకు దాచుకున్నాననుకున్నాను గానీ, వాళ్ళకు తెలిసిందంతా నా దాకా రాకుండా చేసుకున్నానని ఆ రోజు అర్థమైంది. వాషింగాయన కూడా సంగతి విని, శుక్రవారం ట్యాంకరు పూర్తిగా మాకే వదిలాడు.

శనివారం బెంగళూరాయన వచ్చాడు. కట్టల్లోంచి తనకు తోచినవి లాగి, బల్ల మీద పరిచి, కాళ్ళు కలిపి చూశాడు. ఒకటి. రెండు. పది. అన్ని కుట్లూ పక్కనే బుద్ధిగా ఉన్నాయి. షెడ్డులో ఒక్క మిషన్ తిరగడం లేదు. నడుం పట్టీ అతుకు మీద వేలు పెట్టి, "ఈ ఐడియా యారదప్పా?" అన్నాడు కన్నడం కలిపి. పెద్దావిడ కొంగు సర్దుకుని చేయెత్తింది.

"ఫస్టు మెలి తిరిగినాయంటిరి కదా, అది యారిది?"

"నాది సార్" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నేను ఎన్నో షెడ్లు చూసినా. అడిగితే అందరూ గుడ్డదంటారు, లేకుంటే నీళ్ళదంటారు" అంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

షెడ్డు కప్పు ఎగిరిపోయేట్టు అరిచాం. నేను ఈల వేశాను, ఆ వయసులో! ఓనరు ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు. నేను ఒక ప్లేటు పట్టుకుని కుందుర్పామె దగ్గరికి వెళ్ళాను. మూడు రోజులుగా కూడబలుక్కున్న మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

ఆమె ప్లేటు తీసుకుంది. "నువ్వు చెప్పకున్నా పదకొండు గంటలకు నా ప్యాంట్లు చెప్తాండె మాస్టరూ."

"అవునమ్మా."

"బుధవారం నీ గదికి వచ్చి అడిగితి. చూడాలమ్మా అంటివి. నీకు అప్పటికే తెలుసు. అది నాకు ఇంగా గుచ్చుకోనే ఉండాది."

తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నింపాదిగా బజ్జీ తిని, ప్లేటు పక్కన పెట్టింది.

"నీ క్షమాపణ నేనేం చేసుకునేది? నాకు కోసేది నేర్పు."

అప్పటికి మా ఊళ్ళో ఆడమనిషి కరెంటు కత్తి పట్టింది లేదు. నేను మగవాళ్ళకు కూడా నేర్పింది లేదు. అయినా నా నోట్లోంచి మాట వెంటనే వచ్చేసింది.

"సోమవారం నుంచి రామ్మా."

"సోమవారం ఎందుకు?" అని చేతులు తుడుచుకుని నాకంటే ముందు గదిలోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళి, కొత్తవాళ్ళకు సులువని జేబు అట్ట తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని పక్కకు జరిపేసింది. గోడకు తగిలించిన అట్టల్లోంచి ముప్ఫైయారు సైజు వెనక ముక్క వెతికి తెచ్చి నా ముందర పెట్టింది.

"నువ్వు యాడ తప్పు చేసినావో ఆడి నుంచి మొదలుపెట్టు" అంది.